ముడతల బిళ్ళలు

ఆదివారం పదకొండింటికి పాత ఆటల దుకాణదారు వచ్చి మాస్టారి వీడియో గేముల డిస్కులన్నీ పట్టుకుపోవాలి. ఇదీ ఆ పూట ఇంట్లో ఖరారైన కార్యక్రమం. ఖరారు చేసింది కుట్టుపని చేసే భార్య. డ్రాయింగు మాస్టారి వంతుకు తలూపడం ఒక్కటే వచ్చింది.

"బీరువా నిండా ఆ డబ్బాలేంటండీ? కుట్టిన బట్టలు పెట్టుకోవడానికి చోటు లేక చస్తున్నాను. లోకమంతా డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకుంటోంది."

"డౌన్‌లోడ్ అంటే ఉత్త గాలి! రేపు కంపెనీవాడు తీసేస్తే ఎవర్ని అడుగుతావు? డిస్కు చేతిలో ఉంటే మనది."

"అవును, మీదే. పదకొండింటిదాకా."

మిగతావి పోయినా మాస్టారు గుండె రాయి చేసుకోగలరు. 'పాతాళ సంగ్రామం' పోతే మాత్రం బతకలేరు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడది ఏ దుకాణంలోనూ దొరకదు, నెట్‌లో అసలే లేదు. నాలుగేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఆడి ఆఖరి గుహ గుమ్మం దాకా వెళ్ళాక పాత గేము యంత్రం కాలిపోయింది. కొత్త యంత్రం నిన్ననే వచ్చింది. మొదటి నుంచి ఆడాల్సివచ్చినా సరే, ఆ గుహలో ఏముందో చూడకుండా ఆయనకు మనశ్శాంతి లేదు.

భార్య స్నానానికి వెళ్ళగానే మాస్టారు పని మొదలుపెట్టారు. ఒక్కటి దాచబోయి, చేతులాగక ఇరవైకి ఇరవై దాచేశారు. ముందుగదిలో ఆసుపత్రి నర్సుల కోసం కుట్టిన ఇరవై యూనిఫారాలు అట్టపెట్టెల్లో ఉన్నాయి. అవి వెళ్ళేది మంగళవారం. ఒక్కో మడత కింద ఒక్కో డిస్కు దూర్చారు. ఖాళీ అయిన కేసుల్లో, సొరుగులో చేతికందిన పాత డిస్కుల్ని పేరైనా చూడకుండా కుక్కారు. దుకాణదారు వచ్చాడు. మాస్టారి మీద నమ్మకంతో ఒక్క కేసూ తెరవలేదు. వీధి చివరనున్న అతని బండి దాకా మాస్టారే ఆ సంచి మోసి, ఈల వేసుకుంటూ తిరిగొచ్చారు.

ముందుగది ఖాళీగా ఉంది.

"పెట్టెలేవి?"

"రేపేదో తనిఖీ ఉందట. పెద్ద నర్సు ఇప్పుడే ఆటోలో పట్టుకెళ్ళింది. మీకెందుకండీ అంత చెమట?"

మాస్టారు పరుగెత్తారు. ఆసుపత్రి హాల్లో నర్సులు అప్పటికే కొత్త యూనిఫారాలు వేసుకుని వరసగా నిలబడ్డారు. పెద్ద నర్సు 'పాతాళ సంగ్రామం' డిస్కును వెలుతురుకు పట్టి చూస్తోంది.

"మాస్టారూ, ఇవేంటండీ?"

"అవా... బట్ట ముడతపడకుండా పెట్టే బిళ్ళలండీ."

"మరి దీని మీద మూడు తలల రాక్షసుడెందుకు?"

"ముడతలు భయపడాలి కదండీ."

పెద్ద నర్సు మురిసిపోయింది. "ఇంత శ్రద్ధ ఉన్న టైలరమ్మను నేనెక్కడా చూళ్ళేదు. పెట్టెల్లోనే ఉంచేస్తాం లెండి."

"అయ్యయ్యో, వద్దండీ! వాటివల్ల ఒళ్ళు దురద పెడుతుంది!"

ముందు ఒకమ్మాయి మెడ గోక్కుంది. పక్కనున్న అమ్మాయి మోచెయ్యి గోక్కుంది. అయిదు నిమిషాల్లో హాలంతా గోక్కుంటోంది. పెద్ద నర్సు ఫోను తీసి టైలరమ్మను చెడామడా దులిపేసింది. ఇరవై యూనిఫారాలూ, ఇరవై బిళ్ళలూ, మధ్యలో మాస్టారూ కలిసి ఒకే ఆటోలో ఇంటికొచ్చారు.

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పదేళ్ళుగా కుడుతున్నాను. ఒక్కరు ఒక్క మాట అన్నారా నన్ను? ఇవాళ దురద బట్టలదాన్నయ్యాను!"

మాస్టారు దాచకుండా అంతా కక్కేశారు. పెద్ద నర్సుకు ఫోన్ చేసి అబద్ధాన్ని తనే ఒప్పుకున్నారు. తర్వాత బకెట్టు ముందు కూర్చుని ఇరవై యూనిఫారాలూ ఉతికారు. అవి ఆరాక ఇస్త్రీ చేశారు. ఆఖరి కాలరు మడిచేసరికి భార్య కోపం కాస్త దిగింది.

"సరే, ఆ రాక్షసుణ్ణొక్కణ్ణి ఉంచుకోండి. ఏదీ, ఆడండి. నా పరువు తీసినవాడి మొహం నేనూ చూస్తాను."

మాస్టారు డిస్కును యంత్రంలో పెట్టారు. తెర వెలిగింది. 'ఈ డిస్కులో ఉన్నది ఆటకు తాళంచెవి మాత్రమే. పూర్తి ఆటను డౌన్‌లోడ్ చేసుకోండి' అంది. చేసుకోబోతే, 'కంపెనీ మూతపడింది. ఇన్నాళ్ళూ ఆడినందుకు ధన్యవాదాలు' అంది. పాత యంత్రంలో ఆటను ఎవరో ఎక్కించి ఇచ్చారు కాబట్టి, చేతిలో ఉన్నదీ గాలేనని మాస్టారికి అప్పుడే తెలిసింది. పాపం, నిజంగానే ఏడుపొచ్చింది ఆయనకు.

అంతలో ఫోను మోగింది. భార్య తీసి స్పీకరులో పెట్టింది.

"అమ్మా, నేను ఆటల దుకాణంవాణ్ణి. 'పాతాళ సంగ్రామం' కేసులో ఏదో పెళ్ళి వీడియో ఉందండీ. పెళ్ళికొడుకు మన మాస్టారిలాగే ఉన్నారు. డౌన్‌లోడ్లూ గీన్లోడ్లూ అక్కర్లేదు, పెట్టగానే మొదటి నుంచి చివరిదాకా ఆడింది."

మర్నాడు దుకాణదారు దాన్ని కేసుతో సహా తెచ్చిచ్చి, అసలు డిస్కులన్నీ పట్టుకుపోయాడు. బీరువాలో బట్టల మధ్య ఇప్పుడున్నది ఆ ఒక్క డిస్కే. 'పాతాళ సంగ్రామం' కేసు మార్చాల్సిన అవసరం మాత్రం ఆవిడకు కనిపించలేదు.