తలుపులమ్మ డైలాగు

తుమ్మలగూడెం మున్సిపల్ ఆఫీసులో సినిమా డైలాగులు తప్ప వేరే మాటలు వినిపించవు. గుమ్మం బయట ఎవరేం మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టాక మాత్రం, ఏదో ఒక సినిమాలో ఎవరో ఒకరు అన్న మాటైతేనే చెవికి చేరుతుంది. సొంత మాటలకు పెదవులు కదులుతాయి, అంతే. అర్జీ రాసి పట్టుకెళ్తే గుమ్మం దాటగానే అక్షరాలు మాయమవుతాయి. బయటికి తెస్తే మళ్లీ కనిపిస్తాయి. జిల్లా ఆసుపత్రి నుంచి చెవుల డాక్టరు వచ్చి, సిబ్బందిని వరండాలో కూర్చోబెట్టి పరీక్షించి, అందరి చెవులూ బ్రహ్మాండంగా ఉన్నాయని రాసిచ్చి వెళ్లాడు.

ఆఫీసు త్వరగానే అలవాటు పడింది. టీ తెమ్మనడానికి ఒక కుటుంబ కథా చిత్రంలో మావగారి మాట దొరికింది. సెలవడగడానికి, పక్క సీటు మనిషి మీద చాడీలు చెప్పడానికి, ఫైలు రేపు చూద్దామనడానికి మాటలకు కొదవ రాలేదు. లంచం అడిగే డైలాగులు మన సినిమాల్లో పుష్కలంగా ఉన్నందువల్ల ఆ పని ఒక్క పూట కూడా ఆగలేదు. తనిఖీకి వచ్చిన పై అధికారులు ఈ ఆఫీసులో ఫిర్యాదులు దాదాపు లేకుండా పోయాయని గమనించి, మెచ్చుకుని, ఈ పద్ధతి మిగతా ఊళ్లలో కూడా పరిశీలించదగినదని అభిప్రాయపడ్డారు. ప్రజల సౌకర్యం కోసం వరండా గోడకు ఒక బోర్డు పెట్టారు: 'మీ సమస్యను సినిమా భాషలో తెలుపగలరు.'

తలుపులమ్మ ఆ బోర్డు చదవకుండా లోపలికి వెళ్లింది. ఆమెది సున్నపుబట్టీల వీధి. వీధి మొదట్లో బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తుంది. భర్త లారీ మీద ఒరిస్సా వైపు తిరుగుతుంటాడు. వానాకాలంలో వాళ్ల వీధిలో మురుగుకాలువ అడుగున ఉన్న మంచినీళ్ల పైపు పగిలింది. కుళాయిలో నీళ్లు టీ రంగులో వచ్చాయి. కాచుకుని తాగారు, కాచకుండానూ తాగారు. వీధిలో చాలామందికి పచ్చకామెర్లు వచ్చాయి. తలుపులమ్మ కూతురు శ్రావ్య నాలుగో తరగతి చదివేది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆ పిల్లకు తెలివి లేదు. మళ్లీ రాలేదు.

దినం కార్యక్రమాలు అయ్యాక తలుపులమ్మ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, గుమాస్తా ముందు నిలబడి, జరిగిందంతా చెప్పింది. గుమాస్తా ఆమె పెదవుల వంక మర్యాదగా చూశాడు. ఆమె గొంతు చించుకుని అరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె ఆయాసంతో ఆగాక గుమాస్తా లేచి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించి, బోర్డు చూపించాడు.

"నువ్వేం చెప్తున్నావో నాకు తెలుసమ్మా. మాదీ ఆ పక్క వీధే," అన్నాడు వరండాలో. "కానీ లోపల వినపడాలి కదా. సినిమా వాళ్ల సంఘం ఉంది, వాళ్లనడుగు."

చిత్రప్రియుల సంఘం ప్రతి ఆదివారం సాయంత్రం, మూతపడిన ఫోటో స్టూడియో మేడ మీద కలుస్తుంది. ఆఫీసుకు ఈ పరిస్థితి రాకముందు నుంచే ఉన్న సంఘం అది. సభ్యులు గుండ్రంగా కూర్చుని, తమకిష్టమైన డైలాగు ఒక్కొక్కరే చెప్పేవారు. మిగతావాళ్లు అది ఏ సినిమాలోదో, ఎవరన్నారో, ఎదుటివాడు ఏమన్నాడో చెప్పేవారు. మొదట్లో అది ముచ్చటగానే ఉండేది. అధ్యక్షుడు భీమశంకరం గారు బీమా ఏజెంటుగా చేసి మానేసినాయన. భార్య పోయిన రోజు ఆయనకు ఏం అనాలో తెలియలేదట. ఒక పాత సినిమాలో ముసలి రాజు రాణి సమాధి దగ్గర అన్న మాట గుర్తొచ్చి, అదే అన్నాడట. ఆ మాట లేకపోతే ఆ రోజు తన గుండె పగిలిపోయి ఉండేదని ఆయన నిజంగానే నమ్మేవాడు.

ఆదివారం నాడు తలుపులమ్మ మేడ ఎక్కి గుమ్మం దగ్గర నిలబడింది.

"రండమ్మా, కూర్చోండి. మీకు ఇష్టమైన డైలాగు చెప్పండి," అన్నాడు భీమశంకరం.

"నా దగ్గర లేదండి. మీ దగ్గరేమన్నా ఉంటుందేమోనని వచ్చాను."

ఆమె జరిగింది చెప్పింది. అందరూ విన్నారు. ఒకావిడ కళ్లొత్తుకుంది. తర్వాత ఒకాయన, బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుడి మెట్ల మీద అనే మాటొకటి ఉందన్నాడు. ఇంకొకాయన, అంతకంటే ముందే వేరే సినిమాలో వేరే నటి అదే మాట ఇంకా బాగా అందన్నాడు. ముందరి ఆయన ఒప్పుకోలేదు. ఇద్దరూ ఆ నటీమణుల గొంతుల్లో చెరోసారి ఏడ్చి చూపించారు. మిగతావాళ్లు ఎవరు బాగా ఏడ్చారో తేల్చారు. తలుపులమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"మరి పైపు గురించండి?" అని అడిగింది చివరికి.

సంఘం ఆలోచించింది. మన సినిమాల్లో నీళ్లకు లోటు లేదు. వానలో తడిసేవాళ్లున్నారు, జలపాతాల కింద పాడేవాళ్లున్నారు, నది మీద ఒట్టేసేవాళ్లున్నారు. కుళాయి నీళ్లు బాగాలేవని చెప్పినవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి 'అత్తింటి అలారం' అనే హాస్య చిత్రంలో ఒక దృశ్యం దొరికింది. మర్నాడు తలుపులమ్మ ఆఫీసుకెళ్లి, నేర్పినట్టే, "అయ్యా, మీ కుళాయిలోంచి కప్ప బయటికొచ్చి నన్ను అల్లుడూ అని పిలిచిందండీ," అంది. ఆ మాట అందరికీ స్పష్టంగా వినిపించింది. ఆఫీసంతా పడీపడీ నవ్వింది. ఎవరో ఈల వేశారు. నవ్వీ నవ్వీ ఒక ఉద్యోగికి పొలమారితే మంచినీళ్లిచ్చారు. అవి బయట కొన్న సీసా నీళ్లు.

రెండోసారి 'కత్తి మీద సంతకం' అనే చిత్రం ఎంచుకున్నారు. తలుపులమ్మ తిన్నగా కమిషనర్ గదిలోకి వెళ్లి, "నా కడుపు మీద కొట్టినోడి గుమ్మానికి తోరణం కడతాను, వాడి పేగులతోనే," అంది. ఈసారి ఆమె నటించాల్సిన అవసరం రాలేదు. ఆ ఒక్క మాటా సొంత మాటలాగే వచ్చింది. కమిషనర్ చిదానందరావు కుర్చీ వెనక్కి తన్ని లేచి, కళ్లజోడు తీసి, "గుమ్మంలోకి రావడం నీ ఇష్టం, తిరిగెళ్లడం నా ఇష్టం," అన్నాడు. ఆ సినిమాలో దానికి జవాబు అదే. ఆయన దగ్గర వేరే జవాబు లేదు. తలుపు దగ్గర సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఆ చిత్రంలో తర్వాత వచ్చేది పోలీసులు కాబట్టి పోలీసులు వచ్చారు.

పోలీసు స్టేషన్‌లో మాటలు మామూలుగానే వినిపిస్తాయి. తలుపులమ్మ అక్కడ తన మాటలతోనే చెప్పుకుంది. వాళ్లకు అన్నీ వినిపించాయి. విని, అధికారిని బెదిరించినందుకు సంతకం పెట్టించుకుని, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపారు.

ఆమె అక్కణ్నుంచి నేరుగా భీమశంకరం ఇంటికి వెళ్లింది.

"సినిమాలో ఉంటేనే వినపడుతుందన్నారు కదా. అయితే నా మాట సినిమాలో పెట్టండి."

భీమశంకరం ఆశ్చర్యపోయాడు. ఇంత సులువైన సంగతి సంఘంలో ఎవరికీ తట్టనందుకు సిగ్గుపడ్డాడు కూడా. పెళ్లి వీడియోలు తీసే మోజెస్ సంఘంలో సభ్యుడే. కెమెరా తెచ్చాడు. ఊళ్లో ఉన్న ఒకే థియేటరు యజమాని, ఆటకు ముందు వేయడానికి ఒప్పుకున్నాడు. టిక్కెట్టు కొన్న జనం ముందు తెర మీద పడితే సినిమా కిందే లెక్క అని సంఘం తీర్మానించింది. భీమశంకరం రెండు రోజులు కూర్చుని డైలాగు రాసి, చదివి వినిపించాడు.

"అది నీరు కాదు, ఒక తల్లి కన్నీరు. కుళాయిలో కారేది మురుగు కాదు, మీ మనసు."

"మనసు కాదండి," అంది తలుపులమ్మ. "మురుగే."

"భావం కోసం అలా రాశానమ్మా. జనానికి పట్టాలి కదా."

"భావం నాకొద్దండి. పైపు మార్చాలి." ఆమె ఆయన చేతిలో కాగితం వైపు వేలు చూపించింది. "మీరు రాసింది విని చప్పట్లు కొడతారు. నేను చప్పట్లు కొట్టించుకోడానికి రాలేదు. నా పిల్ల పోయిందండి. అది మీకు అర్థమవుతోందా, లేదా?"

భీమశంకరం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మోజెస్ కెమెరా సరిచేశాడు. తలుపులమ్మ కుళాయి పక్కన నిలబడి తనకు తోచినట్టే చెప్పింది: "మా సున్నపుబట్టీల వీధి కుళాయిలో మురుగు కలుస్తోందండి. ఆ నీళ్లు తాగి నా కూతురు శ్రావ్య చచ్చిపోయింది. పైపు మార్పించండి."

శుక్రవారం మొదటి ఆటకు ముందు ఆ చిత్రం విడుదలైంది. అది తెర మీద నడుస్తున్నప్పుడు జనం సీట్లు వెతుక్కుంటున్నారు. కొందరు సమోసాల కోసం బయటికి వెళ్లారు. ముందు వరసలో ఎవరో "హీరో ఎప్పుడొస్తాడ్రా," అన్నారు. దాంతో విడుదల పూర్తయింది.

సోమవారం తలుపులమ్మ ఆఫీసులో నిలబడి తన మాట చెప్పింది. ఆ గదిలో ఆమె గొంతు మొదటిసారి వినిపించింది. టీ తాగుతున్నవాళ్లు ఆగిపోయారు. గుమాస్తా తల దించుకున్నాడు. చిదానందరావు గదిలోంచి బయటికొచ్చి, చివరి దాకా విని, కళ్లు తుడుచుకున్నాడు. ఆమెకు కుర్చీ వేయించాడు. చేతులు జోడించి, మళ్లీ చెప్పమని సైగ చేశాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి కొందరు ఫోన్లలో తీసుకున్నారు. ఆమె మూడోసారి చెప్పి, జవాబు కోసం చూసింది.

జవాబు రాలేదు. కమిషనర్ పెదవులు కదిలాయి కానీ ఏమీ వినిపించలేదు. తర్వాత వరండాలోకి వచ్చి ఆయనే వివరించాడు.

"మీరు తీసిన దాంట్లో మీరొక్కరే మాట్లాడారమ్మా. ఎదుటివాడు ఏమీ అనలేదు. నేనేమనాలి చెప్పండి? పైపు మార్చమని నేను లోపల ఆర్డరు వేయాలంటే, ఎవరో ఒక ఆఫీసరు ఏదో ఒక సినిమాలో ఆ మాట అని ఉండాలి. మన సినిమాల్లో ఏ ఆఫీసరూ అలాంటి మాట అనలేదు. కావాలంటే మీ సంఘం వాళ్లనే అడగండి."

"ఇక్కడ వరండాలో చెప్పండి. ఇక్కడ వినపడుతోంది కదా."

"ఇది ఆఫీసు కాదు కదమ్మా," అన్నాడాయన, బాధగానే.

ఆఫీసరు జవాబుతో ఇంకొకటి తీద్దామంటే, హీరో లేని బొమ్మ మళ్లీ వేయనన్నాడు థియేటరు యజమాని. తలుపులమ్మ మాట మాత్రం ఊరంతా పాకింది. సొంత గొంతుతో, ప్రాస లేకుండా, అరవకుండా అన్న డైలాగుగా దానికి పేరొచ్చింది. ఆటోల వెనకాల రాయించుకున్నారు. కాలేజీ పిల్లలు వార్షికోత్సవంలో అనుకరించారు. ఆఫీసులో ఆ మాటకు కుర్చీ వేస్తున్నారని తెలిసి, పింఛను ఆగిన ముసలివాళ్లు, పట్టా రానివాళ్లు కూడా అదే అనడం మొదలుపెట్టారు. తమ కష్టం ఏదైనా, సున్నపుబట్టీల వీధి అనీ, శ్రావ్య అనీ చెప్పేవారు. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. అందరూ ఇళ్లకు వెళ్లేవారు.

సంఘం వార్షిక సభలో దాన్ని ఆ ఏటి మేటి డైలాగుగా ఎన్నుకున్నారు. భీమశంకరం శాలువా పట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చాడు.

"ఇరవై ఏళ్ల సంఘంలో ఇలాంటి మాట వినలేదమ్మా. రోజూ పడుకోబోయే ముందు అనుకుంటాను."

తలుపులమ్మ శాలువా అందుకోలేదు. "అమ్మాయి ఎన్నో తరగతో చెప్పగలరాండి?" అని అడిగింది.

ఆయన శాలువా మడత సర్దుకున్నాడు.

"తనేమిష్టంగా తినేదో చెప్పనా? మీకెందుకులెండి. ఆ ముక్క సినిమాలో లేదు." ఆమె నిప్పుల ఇస్త్రీపెట్టె చొక్కా మీద అదిమిపట్టింది. గుడ్డ కాలిన వాసన వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు. భీమశంకరం శాలువా బండి అంచున పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆమె దాన్ని మడతపెట్టి, పిల్ల బట్టలున్న పెట్టెలో కాకుండా వేరేచోట దాచింది.

చలికాలంలో ఆ వీధిలోనే పైడమ్మ కొడుకు కళ్లు పచ్చబడ్డాయి. పిల్లాణ్ణి పెద్దాసుపత్రిలో చేర్చి, పైడమ్మ తలుపులమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆ మాట నాకూ నేర్పక్కా. రేపు పొద్దున్నే ఆఫీసుకెళ్తాను."

తలుపులమ్మ నేర్పింది. పైడమ్మ 'ఆ నీళ్లు తాగి' దాకా పలికి, 'నా కూతురు' దగ్గర ఆగిపోయింది.

"నాకు కొడుకు కదక్కా."

"కొడుకంటే వినపడదు. కూతురనే అను."

"పేరు?"

"పేరూ అదే. శ్రావ్య అనాలి."

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడింకా ఉన్నాడక్కా. పొద్దున నాతో మాట్లాడాడు. బతికున్న పిల్లాణ్ణి పట్టుకుని చచ్చిపోయిందని ఎలా అంటాను?"

తలుపులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బండి పక్కన కూర్చోబెట్టింది. వీధిలో కుళాయి వచ్చే వేళైంది. ఆడవాళ్లు బిందెలతో బయటికి వస్తున్నారు.

"పిల్ల పోయాక నేనన్నాను, ఏం లాభం లేకపోయింది," అంది తలుపులమ్మ. "నువ్వు ముందే అను."

పైడమ్మ కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, మొదటినుంచి మొదలుపెట్టింది.