ఉపగ్రహం చూస్తుందని దులిపిన తివాచీలు

ఆ శనివారం పొద్దున సైబీరియా ఆకాశం నిర్మలంగా ఉంది. వెనియమీన్ టీ తాగుతూనే అత్తగారికి ఫోన్ చేశాడు. నగరంలో మంచు ఎక్కడెంత నల్లబడిందో ఉపగ్రహ చిత్రాల్లో కొలవడం అతని ఉద్యోగం. కూతురు చలికాలమంతా దగ్గుతూనే ఉంది కాబట్టి, ఊళ్లో ఇళ్లకు వేడినిచ్చే బొగ్గు బాయిలర్ పొగగొట్టానికి వడపోత యంత్రం పెట్టించాలని అతని పంతం. పోల్చి చూపడానికి ఒక తెల్లని చోటు కావాలి. ఊరి చివర అత్తగారి అపార్ట్‌మెంట్ల ఆవరణ ఎంచుకున్నాడు.

"అత్తయ్యా, ఇవాళ పైనుంచి ఫొటో తీస్తారు. మీ ఆవరణ కాస్త శుభ్రంగా ఉండేట్టు చూడండి."

"నువ్వు నిశ్చింతగా ఉండు అల్లుడూ, మన పరువు పోనిస్తానా!"

అత్తగారు కపితొలీనా ఐదంతస్తులూ ఎక్కి దిగి చాటింపు వేసింది. ఫొటో తీస్తారంటే ఇంట్లో దుమ్ము పెట్టుకుని కూర్చునే ఇల్లాలెవరు? తివాచీని మంచు మీద బోర్లా పరిచి బాదితేగాని అది శుభ్రపడినట్టు కాదు అక్కడ. గంటలో ఆవరణంతా తివాచీలే. ఫొటో తీసేవాళ్లు జారిపడతారేమోనని కాపలాదారు యెఫీమ్ ఊరుకోలేక అంతటా బూడిద చల్లాడు.

సోమవారం నగరపాలక కార్యాలయంలో సమావేశం. వెనియమీన్ చిత్రం తెరమీద వేశాడు. అతని తెల్లని చోటు బొగ్గులా ఉంది.

"ఇదేనా బాబూ మీ శుభ్రమైన చోటు?" అన్నాడు బాయిలర్ డైరెక్టర్ తరాస్. "మా పొగగొట్టం కిందే నయం!"

అందరూ ఘొల్లుమన్నారు. వెనియమీన్ బయటికొచ్చి అత్తగారికి ఫోన్ చేశాడు.

"ఏం చేశారత్తయ్యా?"

"అన్ని తివాచీలూ దులిపేశాం!" అంది గర్వంగా. సంగతి విని నాలిక్కరుచుకుంది. ఆ వెంటనే తరాస్ ఎగతాళికి ఆమెకు ఒళ్లు మండింది. బాదే కర్ర చంకన పెట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లతో బస్సెక్కి నేరుగా సమావేశం గదిలోకే వచ్చింది.

"లేవండి లేవండి, కాళ్లు తియ్యండి!" అంటూ మేయరు కుర్చీ కిందున్న ఎర్ర తివాచీ లాగింది. "ఇదెప్పుడు దులిపారు?"

"మొన్న గురువారమే," అంది ఊడ్చే మనిషి బెరుగ్గా.

కార్యాలయం ముందు మంచు మీద పరిచి నాలుగు దెబ్బలు వేసేసరికి మేయరు బూట్లదాకా మంచు నల్లబడింది.

"ఇది మేం చల్లిన బూడిదేనా తరాస్ గారూ? మీ పొగగొట్టం ఈ కార్యాలయం నెత్తిమీదే ఉంది కదా!" అంది కపితొలీనా.

మేయరు దగ్గుతూనే వడపోత యంత్రానికి సంతకం పెట్టాడు. వెనియమీన్ ఆనందం పట్టలేక అత్తగారిని అందరి ముందూ కౌగిలించుకున్నాడు. ఊపు తగ్గని ఆడవాళ్లు మిగతా గదుల తివాచీలు కూడా దింపించి అక్కడే దులిపారు.

తర్వాత వచ్చిన ఉపగ్రహ చిత్రంలో ఊరంతట్లోకీ మురికి చోటు నగరపాలక కార్యాలయం వాకిలి.