ఊకనే వచ్చినం

గర్షకుర్తి సిద్దిరాములు కళ్లకు గంతలు కట్టి, చేతిలో ఒక బట్ట ముక్క పెట్టి చూడండి. అది ఏ సాంచె మీద దిగిందో, ఏ వారం దిగిందో, నేసినవాడు ఆ పూట జొన్నరొట్టె తిన్నాడో చద్దన్నం తిన్నాడో కూడా చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లు ఆ సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడులో నానిన వేళ్లు అవి. అటువంటి చేయి జిల్లా మొత్తంలో ఇంకొకటి లేదు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా పందెం కాస్తాను. కథ సగం దాటేదాకా కాస్తాను.

కిందటేడు షెడ్డు యజమాని సాంచెలన్నిటినీ పాత ఇనుము కింద తూకానికి అమ్మేసుకున్నాడు. అప్పటి నుంచి ఆ వేళ్లకు, ఇంటికొచ్చిన చుట్టాల తువ్వాలలు పిసికి చూడటం తప్ప వేరే పని లేదు.

ఆయన కూతురు మమతారాణి. డిగ్రీ పాసై రెండేళ్లయింది. ఆ మంగళవారం పొద్దున ఆమె అనుకున్న ఏర్పాటు చాలా సాదా. ఎనిమిదింటి బస్సు ఎక్కాలి. పదకొండింటికి కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన 'వెల్వెరా' షాపులో మేనేజర్‌ను కలవాలి. మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరాలి. వెల్వెరా అంటే ఆషామాషీ దుకాణం కాదు. అక్కడ బట్టలకు ధర చీటీలు కనపడవు. అడిగే ధైర్యం ఉన్నవాళ్లకే చెబుతారు. వాళ్లకు సేల్స్ అసిస్టెంట్ కావాలి, ఒక్కరంటే ఒక్కరు.

ఆ ఒక్కరు తాను కాకపోతే ఏమవుతుందో మమతకు తెలుసు. తల్లి దేవవ్వ బీడీల చాట ఇంకొకటి తెచ్చి, తుడిచి, గోడకు ఆనించి పెట్టింది. "ఇది గూడ రాకుంటె రేపటిసంది నా పక్కన కూసో బిడ్డా. ఆకు కత్తిరిస్తె పాపం రాదు," అన్నది. పాపం సంగతేమో గాని, తంబాకు వాసన తగిలితే మమతకు వరసగా పదకొండు తుమ్ములు వస్తాయి.

చెప్పులు వేసుకుంటుంటే సిద్దిరాములు తెల్ల ధోతి కట్టి, భుజాన కండువా వేసి తయారై నిలబడ్డాడు.

"నువ్వెందుకు బాపూ?"

"నీకు నోరాగదు గనుక. మొదటిపాలి ఇంటర్వ్యూకు పోతుంటే పక్కింటి గంగయ్య 'ఎటువోతున్నవ్ బిడ్డా' అన్నడు. నువ్ చెప్పినవ్. ఏమైంది?"

"రాలే."

"రెండోపాలి?"

"గాయన్నే అడిగిండు. చెప్పిన. రాలే."

"చూసినవా? ఎటు అని అడిగితేనే పని సగం చెడుతది. అడిగినోనికి జవాబు చెప్తే మొత్తం చెడుతది. ఇయ్యాల ఎవలడిగినా ఏమనాలె?"

"ఇంటర్వ్యూకు..."

"ఛల్! ఏం పని లేదు, ఊకనే అనాలె. పనయ్యేదాక ఊకనే!"

బస్సులో కండక్టర్ "ఎటు?" అన్నాడు. సిద్దిరాములు గంభీరంగా "ఊకనే," అన్నాడు. కండక్టర్ ఆయన్ను కిందికీ మీదికీ చూసి, "పెద్దమనిషీ, గా ఊరికి మా బస్సు పోదు," అన్నాడు. కరీంనగర్ అని మమత గుసగుసగా చెప్పాల్సి వచ్చింది. అందుకు బస్టాండు చేరేదాకా తండ్రి ఆమెతో మాట్లాడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది మమతకు తర్వాత తెలిసింది. అదే పొద్దున వెల్వెరా మేనేజర్ భానుప్రసాద్‌కు హైదరాబాద్ షాపు నుంచి దోస్తు ఫోన్ చేశాడు. "అన్నా, జర పైలం. కంపెనీ మనిషి ఇయ్యాల మీ కాడికి వస్తున్నరు. గిరాకీ లెక్క, కొనేటోళ్ల తీర్గ వచ్చి, షాపు ఎట్ల నడుస్తున్నదో చూసి, పైకి రాసి పంపుతరు. చూస్తే మామూలోళ్ల లెక్కనే ఉంటరు. ఎందుకొచ్చిండ్రంటే చెప్పరు, ఊకనే అంటరు." భానుప్రసాద్ ఆ మాట విన్నప్పటి నుంచి ఏసీ కింద నిలబడి చెమటలు కక్కుతున్నాడు. సేల్స్ అమ్మాయి స్నిగ్ధకు సంగతంతా చెప్పి, "నౌకరీకని ఒకామె వస్తది. ఆమెను వెనక గదిలకు తోలి ఏదన్న పని చెప్పు. నా కంట పడనియ్యకు," అని కూడా ఆజ్ఞ వేశాడు.

పదకొండుకు పది నిమిషాలుండగా తండ్రీకూతుళ్లు అద్దాల తలుపు తోసుకొని లోపలికి వచ్చారు.

"వెల్‌కమ్ సర్. ఏం చూపించమంటరు?" అన్నది స్నిగ్ధ.

"ఏం లేదు బిడ్డా. ఊకనే వచ్చినం."

స్నిగ్ధ కళ్లు గుడ్లగూబ కళ్లయ్యాయి. రెండు నిమిషాల్లో నల్లకోటు గుండీలు పెట్టుకుంటూ భానుప్రసాద్ ప్రత్యక్షమయ్యాడు. సిద్దిరాములుకు మెత్తటి కుర్చీ, కుర్చీ ముందు బల్ల, బల్ల మీద మంచుముక్కలు తేలే కాఫీ వచ్చాయి.

"చాయ్ సల్లారింది బిడ్డా," అన్నాడు సిద్దిరాములు ఒక గుక్క తాగి.

"నోట్ చేసుకుంటం సర్!" అన్నాడు భానుప్రసాద్.

మమతకు ఏదో తేడా కొట్టింది. లేచి నిలబడి, "సార్, నేను పదకొండు గంటలకు..." అనబోయింది. తండ్రి ఆమె కాలు తొక్కాడు. భానుప్రసాద్ రెండు చేతులూ అడ్డం ఊపాడు.

"వద్దు మేడమ్! నాకు అంతా ఎరుకే. మీరు చెప్పొద్దు, నేను అడగొద్దు. మీరు వచ్చిన పని మీరు చేయండి. మా సర్వీసు ఎట్లున్నదో మీ నోటితోనే వినాలని ఉన్నది, అంతే." అని ఒక కన్ను కొట్టాడు.

అప్పుడు మమతకు అర్థమైంది: ఇంటర్వ్యూ మొదలైంది. పెద్ద షాపులు ఇట్లాగే పరీక్షిస్తాయి కాబోలు. ఆమె గొంతు సవరించుకొని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"తలుపు కాడ ఆమె నవ్విందిగాని సార్, మా చెప్పులను చూసి నవ్వింది. పెద్దోళ్లు కూసునే కుర్చీ అంత లోతుండొద్దు, లేవరాదు. గీ లైట్ల కింద నీలమేదో నలుపేదో తెలుస్తలేదు. గిరాకీని కిటికీ కాడికి తీసుకపోయి ఎలుతురుల చూపియ్యాలె."

ఒక్కో మాటకు భానుప్రసాద్ ముఖంలో ఒక్కో రంగు మారింది. మమత మాత్రం, మార్కులు పడుతున్నాయనే అనుకున్నది.

ఇంతలో సిద్దిరాములు లోతు కుర్చీలోంచి మూడు ప్రయత్నాల్లో బయటపడి, షాపంతా కలియతిరిగి, ఒక బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, కళ్లు మూసుకున్నాడు. "ఆహా! షాపు మొత్తంల సరుకంటే గిదే సరుకు," అన్నాడు. అది ట్రయల్ రూమ్ పరదా.

"అమ్మకానికి పెట్టిస్త సర్," అన్నాడు భానుప్రసాద్.

అప్పుడే వెనక గదిలోంచి బుస్సుమని చప్పుడూ, "అగబాయి!" అన్న కేకా వినిపించాయి. భానుప్రసాద్ పరదాల లెక్కలో ఉండి పట్టించుకోలేదు. మమత పరుగెత్తింది.

లోపల నలభై ఏళ్లామె, నూలు చీర కట్టుకొని, గుడ్డసంచి చంకన పెట్టుకొని, ఆవిరి ఇస్త్రీ గొట్టంతో పాములాట ఆడుతున్నది. పేరు జానకీబాయి, ఊరు ఆదిలాబాద్. వెనక తలుపు దగ్గర బండి దిగి, అటునుంచే లోపలికి వచ్చిందట. స్నిగ్ధ ఆమెను చూసి, నోరు తెరవనియ్యకుండా, "నౌకరీకే గదా? చీరెల మడతలు పొయ్యేటట్టు ఆవిరి పట్టు," అని గొట్టం చేతికిచ్చి పోయిందట.

ఈమె కూడా నౌకరీకే వచ్చింది! అనుకున్నది మమత. ఉన్నది ఒక్కటే నౌకరీ. గొట్టం ఈమెతో ఇంకో నిమిషం ఆడితే పోటీయే ఉండదు. కానీ ఆమె వేలు ఎర్రగా కమిలి ఉన్నది. మమత స్విచ్చి తీసేసి, వేలు నీళ్లలో ముంచి, పక్కనున్న స్టూలు ఆమెకు వేసింది.

"గొట్టం చీరకు జానెడు దూరం ఉండాలె అక్కా. ముందు తడి చూసుకోవాలె."

"నీకెట్ల ఎరుక?"

"మా ఇంట్ల బట్ట మీదనే బతికినం." ఆమె చూపు ఒక గులాబీ రంగు చీర మీద ఉండటం గమనించి, మమత నవ్వింది. "గది మీకు నప్పది. ఎవలన్న నప్పుతదంటె అబద్ధం. ఇటు రండి." కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఆకుపచ్చ చీర ఒకటి ఆమె భుజం మీద వేసింది. జానకీబాయి అద్దంలో చూసుకున్నది. సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో గీసుకున్నది.

సరిగ్గా అప్పుడే మమత ముక్కుకు కాలిన ప్లాస్టిక్ వాసన తగిలింది.

బయట జరిగింది ఇది. గాజు అరలో తలలేని బొమ్మకు కట్టిన చీరను చూపించి, "అసలు పట్టు సర్. షాపుకే రాణి," అన్నాడు భానుప్రసాద్. నేతగానికి ఆ మాట చెవిన పడితే ఊరుకుంటాడా? పోగు గుంజి కాల్చి చూస్తాడు. పట్టయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. కల్తీ అయితే కరిగి పూస కడుతుంది. సిద్దిరాములు వంగి, అంచు దగ్గర ఒక పోగు గుంజి, "అగ్గిపెట్టె ఉన్నదా?" అన్నాడు. కంపెనీ మనిషి అడిగితే కాదనే దమ్ము ఎవరికుంటుంది? స్నిగ్ధ దేవుని పటం దగ్గరున్న అగ్గిపెట్టె తెచ్చిచ్చింది.

పోగు కరిగింది. నల్లటి పూస కట్టింది.

సిద్దిరాములు దాన్ని అరచేతిలో వేసి భానుప్రసాద్ ముఖం ముందు పెట్టి, ఇంట్లో అలవాటు కొద్దీ పుల్లను పక్కనున్న బుట్టలో పారేశాడు. ఆ బుట్ట నిండా చీరలు చుట్టే పలచటి కాగితం. గుప్పుమన్నది. స్నిగ్ధ చల్లటి కాఫీ గుమ్మరించి మంట ఆర్పింది గాని, పొగ పైకి పోయి కప్పుకున్న ఫైర్ అలారం గంట మోగించింది. ఆ గంట మోతకు షాపులో ఉన్నవాళ్లంతా రోడ్డు మీద పడ్డారు. భానుప్రసాద్ ఒట్టి చేతులతో రాలేదు. తలలేని బొమ్మను చీరతో సహా ఎత్తుకొని, నడుం చుట్టూ చేయి వేసి, నడిరోడ్డు దాకా పరుగెత్తాడు. ఆటోవాళ్లు ఆగి, దారి ఇచ్చి, గౌరవంగా చూశారు.

"సర్, దయచేసి ఇది పైకి రాయకండి!" భానుప్రసాద్ గొంతులోంచి షాపు తెలుగు జారిపోయి ఇంటి తెలుగు బయటపడింది. "నీ కాల్మొక్త! మీరెందుకొచ్చిండ్రో నాకు పొద్దటిసందే ఎరుక!"

సిద్దిరాములు ఉలిక్కిపడి కూతురి వైపు ఉరిమి చూశాడు. "చెప్పినవా?"

"చెప్పలే బాపూ!"

"సరే తియ్యి, తెలిసినంక దాచుడెందుకు. మీ నౌకరీ కోసమే వచ్చినం సారూ."

"నా నౌకరీయా?" భానుప్రసాద్ బొమ్మను పట్టుకొనే ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. "తీసెయ్యడానికే వచ్చిండ్రా? ఎవలికిస్తరు?"

"మా బిడ్డకు."

"గింత చిన్నపిల్లకు మేనేజర్ కుర్చీయా!"

"మేనేజర్ ఏంది సార్?" మమత సంచిలోంచి ప్లాస్టిక్ ఫైలు తీసి ముందుకు చాపింది. "సేల్స్ అసిస్టెంట్‌కు. నేనే మమతారాణి. పదకొండు గంటలకు రమ్మన్నరు."

భానుప్రసాద్ ఆ ఫైలునూ, సిద్దిరాములునూ మార్చి మార్చి చూశాడు. "మరి... కంపెనీ మనిషి?"

వెనక నుంచి జానకీబాయి ముందుకొచ్చి, గుడ్డసంచిలోంచి కంపెనీ కార్డు తీసి చూపించింది. చూపుడువేలు ఇంకా ఎర్రగానే ఉన్నది. స్నిగ్ధ చప్పుడు చేయకుండా ఆటోవాళ్ల వెనక్కి జరిగింది.

"ఆవిరి సంగతి తర్వాత," అన్నది జానకీబాయి. ఆమె చూపు సిద్దిరాములు అరచేతిలోని పూస మీద ఉన్నది. "పట్టని చెప్పి పాలిస్టర్ అమ్ముతుండ్రా? గిదే నిజమైతే ఇయ్యాలనే షాపుకు తాళం పడతది."

షాపుకు తాళం పడితే నౌకరీ ఎక్కడిది? మమతకు గోడకు ఆనించిన బీడీల చాట కళ్ల ముందు కదిలింది. బొమ్మ దగ్గర మోకాళ్ల మీద కూర్చొని అంచు తిరగేసింది. చూసింది. తండ్రి ముఖంలోకీ చూసింది. చెబితే నలుగురిలో ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే అందరి నౌకరీ పోతుంది.

"బాపూ," అన్నది మెల్లగా, "నువ్ పోగు గుంజింది చీరెది కాదు. కిందికి కుట్టిన ఫాల్‌ది."

నేను కాసిన పందెం ఇక్కడ ఓడిపోయాను. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వస్తే ఎంత గొప్ప వేలైనా ఇంతే మరి. మమత బొమ్మకు కట్టిన చీర కొంగు చివర నుంచి ఒక్క పోగు తీసింది. తండ్రి చేతిలోని అగ్గిపెట్టె అందుకొని, రోడ్డు మీదే పుల్ల గీసింది. వెంట్రుక కాలిన కంపు వీధంతా కొట్టింది. అంత కంపును అంతమంది అంత సంతోషంగా పీల్చడం కరీంనగర్ అంతకు ముందు చూడలేదు. బూడిద ఆమె వేళ్ల మధ్య మెత్తగా పొడి అయింది.

భానుప్రసాద్ బొమ్మ భుజం మీద తల ఆనించి, ఊపిరి వదిలాడు. సిద్దిరాములు పూసను దూరంగా విసిరేసి, "నాకంటె నా బిడ్డనే నయం. అద్దాలున్నా గింతే," అని గట్టిగా నవ్వాడు. పరువు పోయిన నవ్వు కాదది.

జానకీబాయి నోటుబుక్కు తెరిచి, అందరూ వినేటట్టు చదివింది. "షాపుల గిరాకీని మనిషి లెక్క చూసింది ఒక్కతే. ఆమె ఇంకా నౌకరీల చేరలే. ఇయ్యాలనే చేర్చుకోవాలె."

"సార్, మరి నా ఇంటర్వ్యూ?" అన్నది మమత. ఎందుకైనా మంచిదని అడిగింది.

"ఇంకేం అడగాలె తల్లీ? రేపు పదింటికి రా." భానుప్రసాద్ లేచి కోటు దులుపుకున్నాడు. "మీ బాపును మాత్రం తేకు."

పోయే ముందు జానకీబాయి ఆ ఆకుపచ్చ చీరను మళ్లీ తీయించి, మమత చేతుల మీదుగానే కొనుక్కొని పోయింది. మమత మొదటి బేరం అదే.

ఇంత కథలో నేను కల్పించింది ఈ చివరి బేరం ఒక్కటే. నిజానికి జానకీబాయి ఆ చీరను భుజం మీద రెండుసార్లు వేసుకొని, అద్దంలో మురిసిపోయి, "మల్లొస్త బిడ్డా," అన్నది.