మూడూళ్ల డిస్‌లెక్సియా నిర్మూలన

వచ్చే ఉగాదిలోగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటినీ డిస్‌లెక్సియా రహిత పట్టణాలుగా తీర్చిదిద్దుతానని పఠన వికాస మండలి ఛైర్మన్ దాసప్ప గారు పెనుకొండ సభలో శపథం చేశారు. చప్పట్లు మోగాయి. డిస్‌లెక్సియా అంటే రోగం కాదనీ, కొందరు పిల్లలకు పుట్టుకతో చదవడంలో ఉండే ఇబ్బంది అనీ తెలిసిన కొద్దిమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. తెలియనివాళ్లు వాళ్ల వాటా కూడా కలిపి కొట్టారు.

"దోమను వదల్లేదు. వయ్యారిభామ మొక్కను వదల్లేదు. ఈ డిస్‌లెక్సియాను వదుల్తానా?" అని దాసప్ప గారు గర్జించారు. అంతటి నాయకుడు పగబట్టాక ఆ డిస్‌లెక్సియా గతి ఏమవుతుందోనని కొందరు ఆడవాళ్లు జాలిపడ్డారు కూడా.

ఈ మహాకార్యానికి కన్వీనరుగా హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో దళారీ పని చేసే వీరేష్‌ను నియమించారు. వీరేష్ పార్టీకి జెండా కట్టినవాడు, జెండా మోసినవాడు, జెండా మారినప్పుడు తడబడకుండా తానూ మారినవాడు. పదవి చేతికి రాగానే మూడూళ్లలోనూ ఫ్లెక్సీలు కట్టించాడు. లెక్సియాకు ఫ్లెక్సీయే విరుగుడని ఆయన సిద్ధాంతం. మండలి సభ్యుడు సుంకన్నకు ఫాగింగ్ కాంట్రాక్టు ఉంది. 'నిర్మూలన' అన్న మాట చెవిన పడగానే ఆయన బడుల చుట్టూ పొగ మిషను తిప్పించాడు. పిల్లలు దగ్గారు.

"దగ్గుతాండారంటే మందు పంజేస్తాండాది," అని సుంకన్న సంతృప్తిగా పొగలో కలిసిపోయాడు.

ఇంతటి కన్వీనరు ఇంటికి వెళ్తే భార్య హేమావతి వాకిట్లోనే నిలదీసింది.

"ఊర్లో పిల్లోళ్లకంతా కన్వీనరంట. మన శ్రావ్య సంగతి సూసేదెవురు?"

శ్రావ్య నాలుగో తరగతి. మార్కెట్లో వేలం ఒక్కసారి వింటే ఎవరి గూళ్లు ఎంతకు పోయాయో సాయంత్రం తండ్రికి తప్పు లేకుండా ఒప్పజెప్తుంది. అదే బోర్డు మీద 'కమల' అని రాస్తే, 'క' దగ్గర ఆగి, 'మ' దగ్గర తడబడి, 'ల' చేరేలోపల కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఇది సోమరితనం కాదు, డిస్‌లెక్సియా కావచ్చు, పరీక్ష చేయించండని క్లాసు టీచరు చెప్పింది. చేయించకపోతే పెద్ద పరీక్షలయ్యాక టీసీ తీసుకుని వెళ్లండని మేనేజిమెంటు చెప్పింది.

"పరీక్ష చేయిస్తే బిడ్డకు చదువు ఎట్ల నేర్పించాలో చెప్తారంట. ఆ టీచర్లు యాడుంటారో కూడా చెప్తారంట. నీకేమో మైకు వదిలి వచ్చేకి తీరిక లేదు."

"దానికేమే! ధర్మవరంలో క్యాంపు పెట్టిస్తాండేది ఎవురు? నేనే గదా. మన బిడ్డే ఫస్టు," అన్నాడు వీరేష్. ఆ రోజు కన్వీనరుకూ తండ్రికీ ఒకే ఒంట్లో ఎంతో సఖ్యత కుదిరింది.

ధర్మవరంలో క్యాంపు కల్యాణమంటపంలో జరిగింది. బెంగళూరు నుంచి పిల్లల సైకాలజిస్టు రూప మేడం వచ్చింది. వచ్చినామె రిబ్బను కోసి వెళ్లిపోకుండా, ఒక మూల బల్ల వేసుకుని నిజంగానే పిల్లలను పరీక్షించడం మొదలుపెట్టింది. ఇది నిర్వాహకులెవరూ ఊహించని పరిణామం. శ్రావ్య వంతు వచ్చేసరికి ఆమె 'గిలుము', 'తొపిక' లాంటి మాటలు రాసి చదవమంది.

"అర్థం లేని మాటలు చదివిస్తాండారే మేడం?" అన్నాడు సుంకన్న.

"తెలిసిన మాటైతే పిల్లలు ఊహించి చెప్పేస్తారు. అర్థం లేనివైతే నిజంగా చదవగలరా లేదా తెలుస్తుంది."

సుంకన్న పరుగున వెళ్లి మండలి తీర్మానాల ప్రతి ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

అంతలో దాసప్ప గారు విచ్చేశారు. వీరేష్‌ను పక్కకు పిలిచారు.

"ఏమప్పా, ఎట్ల జరుగుతాండాది?"

"బాగా జరుగుతాండాదన్నా. ఇప్పటికి ఆరుమందికి ఆ లక్షణాలు ఉండాయంట."

దాసప్ప గారి మొహంలో రంగు మారింది.

"నేను మాటిచ్చినాక దొరికేదేందప్పా? రహితం అంటే ఏమి? లేకుండా అని. ఈయమ్మ ఎతుకుతాండాది. ఎతికితే దొరక్కుండా ఉంటాదా?"

"ఇప్పుడేం చేద్దామన్నా?"

"శాలువా కప్పండప్పా."

ఈ వైపు శాలువాకూ సెలవుకూ పెద్ద తేడా లేదు. శాలువా భుజాన పడిందంటే కార్యక్రమం ముగిసినట్టు. కప్పించుకున్నవాళ్లు దండం పెట్టి కారెక్కాలి. రూప మేడానికి ఈ సంగతి తెలియదు. పాపం, చదువుకున్నామె. కప్పిన శాలువా తీసి కుర్చీకి తగిలించి, "ఊఁ, తర్వాతి మాట చదువమ్మా," అంది శ్రావ్యతో. రెండో శాలువా కప్పారు. "తొందరేం లేదు, నెమ్మదిగా," అంది. గజమాల వేశారు. పూల సందులోంచి వేలు చాపి, "ఇదిగో, ఈ వరస," అంది. చివరికి జ్ఞాపిక తెచ్చి సరిగ్గా శ్రావ్య చదువుతున్న కాగితం మీద పెట్టారు.

శాలువాలు కప్పిందీ, మాల వేసిందీ, జ్ఞాపిక మోసిందీ కన్వీనరే. ప్రోటోకాల్ అలాంటిది.

"నాయనా, ఇంగొక్క పేజీ ఉండాది," అంది శ్రావ్య.

వీరేష్ కూతురి వైపు చూడలేదు. ఫొటోగ్రాఫరు వైపు చూశాడు. ఈలోగా షామియానావాళ్లు వచ్చి బల్ల ఎత్తుకుపోయారు. పరీక్ష ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

కారెక్కబోతూ రూప మేడం వీరేష్‌తో అంది. "ఈ పాప మీ అమ్మాయేనటగా? పరీక్ష సగమే అయింది. పూర్తిగా చేస్తేగానీ రాసి ఇవ్వలేను. భయపడాల్సిందేమీ లేదు, తెలివికి లోటు లేదు. రోజూ పద్ధతిగా కూర్చోబెట్టి నేర్పే టీచరు కావాలి, అంతే. ఆలస్యం చేయకుండా బెంగళూరు తీసుకురండి."

"తప్పకుండా మేడం," అని వీరేష్ మిగిలిపోయిన ఒక శాలువా కూడా కప్పి పంపాడు.

ఉగాదికి హిందూపురంలో విజయోత్సవం జరిగింది. వేదిక వెనక ఫ్లెక్సీలో 'పఠన వికాస మండలి' కాస్తా 'పతన వికాస మండలి' అని పడింది గానీ, ఎవరూ చదవలేదు కాబట్టి నష్టం జరగలేదు. కన్వీనరు వీరేష్ మైకు ముందుకు వచ్చి, మూడూళ్లలో మిగిలిన కేసులు సున్నా అని ప్రకటించాడు. సున్నాకు అన్ని చప్పట్లు రావడం ఈ ప్రాంతంలో అదే మొదటిసారి. దాసప్ప గారు స్వయంగా ఆయనకు శాలువా కప్పారు.

ఆ శాలువాతోనే ఇంటికి వెళ్లాడు. హేమావతి అన్నం పెట్టలేదు.

"ఆ సున్నాలో మన బిడ్డ యాడుండాది?"

వీరేష్ అలవాటుగా మైకు కోసం చెయ్యి చాపాడు. ఇంట్లో మైకు లేదు.

"ఇస్కూలోళ్లు మళ్లా అడిగినారు. రేపు పొద్దున రైలుకు నేనూ నా బిడ్డా బెంగళూరు పోతాం. నువ్వు శాలువా కప్పుకొని ఈడనే కూర్చో."

మరునాడు స్టేషనులో తల్లీకూతుళ్లు రైలెక్కాక, మొహానికి మాస్కు, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి పక్క పెట్టెలో ఎక్కాడు. కన్వీనరు కూతురే కేసని తెలిస్తే పదవి ఉండదు. శ్రావ్య మాత్రం బెంగళూరులో దిగగానే, "ఏం నాయనా, చలేస్తాందా?" అని చెయ్యి పట్టుకుంది.

రూప మేడం క్లినిక్కు కిటకిటలాడుతోంది. హేమావతి కూతురిని తీసుకుని నేరుగా లోపలి తలుపు దగ్గర నిలబడింది. వివరాలు చెప్పే పని వీరేష్ మీద పడింది.

"యావ ఊరు సార్?" అంది రిసెప్షను అమ్మాయి. కన్నడం వద్దనుకుందేమో, వెంటనే, "ఏ ఊరు?" అంది.

"హిందూ..." అని వీరేష్ ఆగిపోయాడు. మూల కుర్చీలో మంకీ క్యాపు పెట్టుకుని, మనవడు అరుణ్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని దాసప్ప గారు ఉన్నారు.

"అన్నా! మీరు ఈడ..."

"మెల్లగా మాట్లాడప్పా. ఈడ కర్ణాటక గదా. మనం నిర్మూలించింది ఆంధ్రాలో."

"ఔనన్నా, అదీ నిజమే. ఊరు ఏమని చెప్పాల?"

"గౌరిబిదనూరు అని చెప్పు. బార్డరు దాటితే వచ్చేది అదే గదా. నేనూ అదే చెప్పినా."

వీరేష్ అదే చెప్పాడు. అమ్మాయి పెన్ను పక్కన పెట్టి హాలంతా కలియజూసింది. ఆమె చూపు తగలగానే తన ఇద్దరు పిల్లల మధ్య కూర్చున్న సుంకన్న దగ్గు ఆపుకున్నాడు.

లోపలి నుంచి, "శ్రావ్యా, రామ్మా," అని రూప మేడం పిలిచింది. శ్రావ్య వెళ్లింది. తలుపు మూసుకుంది. ఇక్కడ శాలువా తెచ్చేవాళ్లు లేరు.

"ఏం సార్ ఇది? పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరూ గౌరిబిదనూరే," అంది అమ్మాయి. "ఆ ఊళ్లో పిల్లలందరికీ ఇదే సమస్యా?"

వీరేష్ ఛైర్మన్ గారి వైపు చూశాడు. దాసప్ప గారు మంకీ క్యాపు సర్దుకుని, మనవడి తల నిమిరి, బరువుగా నిట్టూర్చారు.

"ఏం జేస్తామమ్మా. ఆ ఊరికి మాలాంటి నాయకుడు లేడు."