తొమ్మిదో నంబర్ వేలంపాట

గోల్ కొట్టని స్ట్రయికర్ దేవుడిచ్చిన వరం!

నవ్వకండి. మా ఆర్మూర్ నవనాథ ఫుట్‌బాల్ క్లబ్ ఆడిన ఆట ఒక్కటి కూడా వదలకుండా ఆరేళ్లు చూసినవాణ్ని. తడిసిన సిమెంటు మెట్ల మీద గొడుగు పట్టుకుని కూర్చుని సంపాదించిన జ్ఞానం ఇది. నా పేరు గంగాకిషన్. పాత బస్టాండ్ దగ్గర ఎరువుల దుకాణం.

రేపు వినాయక నిమజ్జనం. రేపే మా క్లబ్‌కు కొత్త స్ట్రయికర్ ఎంపిక. ఈసారి కొందరు కుర్రాళ్లు పద్ధతి మార్చాలని లొల్లి పెడుతున్నారు. మార్చకూడదని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

మా పద్ధతి తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. మిగతా లోకంలో స్ట్రయికర్‌ను కోచ్ ఎంచుకుంటాడట. పాపం! మా దగ్గర గణపతి లడ్డూ వేలం అయిపోగానే, అదే మండపంలో, అదే మైకులో స్ట్రయికర్ వేసుకునే తొమ్మిదో నంబర్ జెర్సీకి వేలం మొదలవుతుంది. పాట పసుపు సంచుల్లో. ఎవరు ఎక్కువ సంచులు పాడితే వాళ్లింటి పిల్లవాడే ఏడాదంతా మా స్ట్రయికర్. ఇంత పారదర్శకత ఏ దేశపు క్లబ్‌లో ఉంది చెప్పండి? సిఫార్సు లేదు, పక్షపాతం లేదు, అసలు కాళ్లతో పనే లేదు!

దీన్ని కనిపెట్టిన మేధావి మా ప్రెసిడెంట్ భూమేశ్వర్ సేటు, పసుపు కమీషన్ ఏజెంటు. మార్కెట్‌లో ఆయన పసుపు కొనడం చూసి తీరాలి. సంచి విప్పించి కొమ్ము విరుస్తాడు. ‘టక్’మని చప్పుడొచ్చిందా లేదా చెవిపెట్టి వింటాడు. లోపలి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు. అప్పటికీ నమ్మకం కుదరక ఇంకో కొమ్ము విరుస్తాడు. అలాంటి మనిషి స్ట్రయికర్ దగ్గరికొచ్చేసరికి సంచి మూతి కూడా విప్పించడు. ఎంత పెద్ద మనసు!

మొదటి పాట సేటే పాడి కొడుకు హర్షకు జెర్సీ తొడిగించాడు. హర్ష తన్నిన బంతి ప్రతిసారీ గుడి ఉన్న సిద్ధులగుట్ట వైపే వెళ్లేది. భక్తి అంటే అదీ! దాన్ని వెతుక్కుంటూ రాళ్ల మధ్య తిరిగి తిరిగి మాలో నలుగురికి షుగర్ తగ్గింది. తర్వాత బబ్లు వచ్చాడు. వాడు జుట్టుకు జెల్ పెట్టుకోవడానికే గంట పట్టేది. అంత కష్టపడి నిలబెట్టిన జుట్టును బంతికి తగిలించమనడం న్యాయమేనా? బంతి పైనుంచి వస్తే మర్యాదగా తల వంచి దారిచ్చేవాడు.

లాభాలు ఒకటా, రెండా! ఆరేళ్ల కింద కొన్న గోల్ వల ఇంకా కొత్త వాసన వేస్తోంది. మాతో ఆట అంటే అవతలి గోల్‌కీపర్లకు సెలవు దినం. మెండోర గోల్‌కీపర్ గోల్ స్తంభానికి ఆనుకుని టిఫిన్ బాక్సు ఖాళీ చేశాడు, పెరుగన్నంతో సహా! దొంకేశ్వర్ గోల్‌కీపర్ మా ఆటల్లోనే జనరల్ నాలెడ్జి పుస్తకం పూర్తిచేసి ఉద్యోగం కొట్టాడు. ఒక నిరుద్యోగి ఇంట్లో దీపం వెలిగించిన స్ట్రయికర్లు ఇంకెక్కడైనా ఉన్నారా?

ఇప్పుడు తొమ్మిదో నంబర్ మహేష్‌ది. ఇతనిది మరో విద్య. బంతి గాల్లో లేచిందంటే ఎగిరి చేతులతో పట్టేస్తాడు! ఈ ఏడాది పద్నాలుగుసార్లు పట్టాడు, ఒక్కటీ జారవిడవలేదు. రెఫరీలు ఈలలు వేశారే తప్ప ఆ పట్టులో అందం చూడలేదు.

నిజాయితీగా ఒక మచ్చ కూడా ఒప్పుకోవాలి. ఆరేళ్లలో మేం ఒక గోల్ కొట్టాం. అది మా స్ట్రయికర్ల తప్పు కాదు! పోయినేడాది మా గోల్‌కీపర్ యాకోబు చేసిన పని. యాకోబు మార్కెట్‌లో హమాలీ. గోల్‌కీపర్ జెర్సీని ఎవరూ పాడరు కాబట్టి అతనికి ఊరికే ఇచ్చాం. ఓ సాయంత్రం మావాళ్ల గోల్ కోసం ఎదురుచూసి చూసి విసుగొచ్చిందేమో, బంతిని కాలితో నెట్టుకుంటూ మైదానమంతా దాటి, ఐదుగుర్ని తప్పించి, గోల్ కొట్టి మళ్లీ తన చోటికి వచ్చి నిలబడ్డాడు.

సేటు ఊరుకుంటాడా? “నీ జాగల నువ్వుండాలె గదరా! జెర్సీ పాడుకున్నోని ఇజ్జత్ ఏం గావాలె?” అని పదిమందిలో కడిగేశాడు. యాకోబు చేతి గ్లవ్స్ విప్పి మెట్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అత్తగారి ఊరు ముప్కాల్‌కు స్ట్రయికర్‌గా ఆడటం మొదలుపెట్టాడు. ఆ రోజు మెట్ల మీద నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు. క్రమశిక్షణ ముఖ్యం కదా!

పోయిన ఆదివారం ఆ ముప్కాల్‌తోనే ఆట. ఆట ముగియడానికి ఇంకో పది నిమిషాలుందనగా యాకోబుకు బంతి దొరికింది. ఒకణ్ని దాటాడు, ఇద్దర్ని దాటాడు. కుడికాలితో కొట్టాడు. ‘టక్’! ఆ చప్పుడు మెట్ల దాకా వినిపించింది. మా వల అంతలా పొట్ట ఉబ్బించడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆర్మూరంతా లేచి “గోల్!” అని అరిచింది! గొడుగులు ఎగిరాయి. సేటు నన్ను కావలించుకుని గంతులేశాడు. “కొట్టిండు కిషన్! మనోడు కొట్టిండు!”

“సేటూ, ఆయన ముప్కాల్ దిక్కు ఆడుతుండు” అన్నాను. అరిచి అరిచి నాకప్పటికే గొంతు పోయింది.

సేటు మెల్లగా కూర్చున్నాడు. “మరి మనోడు గాడికెట్ల పోయిండు?” అని అడిగాడు.

మైదానంలో అంతకన్నా ఘోరం. మా స్ట్రయికర్ మహేష్ అందరికంటే ముందు పరుగెత్తి యాకోబును భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఎంత ద్రోహం! ఇంటికి రాగానే నిలదీశాను. ఇంటికేమిటంటారా? ఇక దాచి లాభం లేదు. మహేష్ నా కొడుకు. పోయిన నిమజ్జనం రోజు ఇరవై ఒక్క సంచులు పాడి వాడికి జెర్సీ తెచ్చిన తండ్రిని నేనే.

“బాపూ, నాకు గోల్ కొట్టుడు రాదు. బాల్ పట్టుడంటే పాణం. యాకోబన్న పోయినంక గోల్ కాడ నన్ను నిలవెట్టుమందామనుకున్న. నువ్వు అడిగినవా ఎప్పుడన్న?” అన్నాడు.

బాధనిపించింది, దాచను. పద్నాలుగు క్యాచ్‌లు కళ్లముందు పట్టినా చూడని తండ్రిని నేను.

తెల్లారి మార్కెట్‌కు వెళ్లాను. యాకోబు సంచులు దింపుతున్నాడు. “తిరిగి రా యాకోబూ. ఈసారి నీ పేరు మీద నేనే పాడుత, ముప్పై సంచులన్న సరే” అన్నాను గొప్పగా.

అతను భుజం మీది సంచి దించి నవ్వాడు. “నేనేమన్న గణపతి లడ్డూనా కాకా, పాడుకపోనీకి? కాలు జూసి పిలువుండ్రి. నడుసుకుంట వస్త.”

కాబట్టి పాఠకులారా, నా వాదనలో చిన్న సవరణ. వేలం ఉండాల్సిందే, లడ్డూకు! రేపు మండపంలో సేటు మైకు పట్టుకుని “తొమ్మిదో నంబర్” అనగానే నేను లేచి ఆయన చేతిలో ఒక ఫుట్‌బాల్ పెడతాను. గొంతు ఇంకా బాగుపడలేదు, అయినా ఈసారి నోరు విప్పుతాను.

“సేటూ, యాకోబుతోని సహా అందర్ని ఒక్కపారి తన్నుమను. ఎవల కాలుకు టక్కుమని సప్పుడొస్తదో జర చెవివెట్టి విను.”

ఒప్పుకోకపోతే? ఫికర్ లేదు. ఏడాదికోసారి ముప్కాల్ వాళ్లు వస్తారుగా, మన గోల్ మనకు చూపించడానికి!