నక్షత్ర మరణాల సెక్షను

ఆకాశంలో నక్షత్రం చస్తే, దాని తాలూకు చుట్టాలు సోమవారం పదిన్నరకల్లా కలెక్టరాఫీసుకొచ్చి మరణపత్రం తీసుకోవాలి. మొదట్లో వాళ్లు కూర్చుంటే వరండాలో బల్లలు మాడిపోయేవి. సిమెంటు దిమ్మలు కట్టించాక ఆ ఫిర్యాదులూ తగ్గాయి.

చావు పేలుడో, ఢీయో తేల్చేది ఇప్పుడు మిషను. అంతకు ముందు పంతొమ్మిదేళ్లు సీనియర్ అసిస్టెంటు వరహాలమ్మే తేల్చింది. పేలుడంటే ఎవరి చావు వాళ్లది, ఫైలు ఆ పూటే మూసెయ్యొచ్చు. ఢీ అంటే గుద్దిన నక్షత్రానికి నోటీసివ్వాలి, దాని దారి మళ్లించాలి. నోటీసు పట్టుకుని నాలుగు వందల కాంతి సంవత్సరాలు ఏ బంట్రోతు పోతాడు? అందుకని ఆవిడ అన్నిటికీ పేలుడనే రాసేది. కొత్తగా చేరినవాళ్లకి సెక్షనులో ముందు నేర్పేదే అది. మిషనుకీ ఆ ఫైళ్లే పెట్టి నేర్పారు. బుద్ధిగా నేర్చుకుంది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఆవిడ రాసిందే చెబుతోందని పంద్రాగస్టుకి దానికి దండ వేసి, ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ సోమవారం ఒక చిన్న నక్షత్రం వచ్చింది. ఒక పక్కంతా చెక్కుకుపోయి ఉంది.

"మా అప్పని, నా తోడబుట్టినదాన్ని, ఆ పెద్ద నచ్చత్రం గుద్దీసినాదమ్మా. పక్కనే ఉన్నాను, నా కళ్లతో సూసినాను. లచ్చివారం మళ్లీ అదే దారంట వస్తాది. ఈపాలి అడ్డం ఉన్నది నానే."

మిషను వెలుతురు కొలిచింది, ముక్కలు లెక్కపెట్టింది, పేలుడు అంది.

వరహాలమ్మకి సిగ్గేసింది. అది మిషను మాట కాదు, తన మాటే. దాన్ని కొట్టేసి ఢీ అని రాయడానికి ఒక గడి ఉంది. పక్కనే కారణం గడి కూడా ఉంది. అందులో నేర్పిన ఫైళ్లే తప్పని రాస్తే పంతొమ్మిదేళ్ల చావులూ తిరగదోడాలి. రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది. కొరివితో తల గోక్కోవడమే. కలం మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"మిషను సెప్పీసింది తల్లీ. నా సేతుల్లో ఏటుంది?"

"మరి నా సంగతేటమ్మా?"

ఆవిడకి నిజంగానే జాలేసింది. పాపం, లక్ష్మివారం తర్వాత దీని తరఫున రావడానికి ఎవరూ లేరు. సొరుగులోంచి ఇంకో మరణపత్రం ఫారం తీసి, దాని పేరు, వయసు, చిరునామా తనే నింపింది. పేలుడు గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసే చోటు వేలితో చూపించింది.

చిన్న నక్షత్రం ఒత్తి సంతకం చేసింది.

"మంచి మనసమ్మా మీది. ఈ రోజుల్లో ఎవులు సేస్తారు ఇలాగ?" అంది.

వరహాలమ్మ లక్ష్మివారం తేదీ వేసి, ముద్ర కొట్టింది.