పురుగుకు కట్టిన వేపమండలు

ఆ రోజు పదకొండింటికి సూపర్‌వైజర్ దీపిక మేడం రావాలి. దమ్మపేట అవతలి తండాలో అంగన్‌వాడీ టీచర్ సరళకు పొద్దున్నుంచీ రెండే బెంగలు. ఒకటి, ఇరవై మంది పిల్లలు కనపడాలి. పోయిన నెల తొమ్మిది మందే కనపడితే, ఈసారీ ఇంతేనైతే సెంటర్‌ను పక్క ఊళ్ళో కలిపేస్తామని మేడం చెప్పి వెళ్ళింది. రెండోది, బియ్యం బస్తాలో పురుగు.

పురుగుకు వేపాకు మంచిది. సరళ నాలుగు మండలు విరిచి తెచ్చి, బస్తాలో వేసేముందు కాస్త వాడనిద్దామని గాలి తగిలేచోట, అంటే సరిగ్గా గుమ్మానికి, వేలాడగట్టింది. ఒంటి మీద పొక్కులు లేచి అమ్మవారు వచ్చిన ఇంటికే అట్లా కడతారని తండాలో పసిపిల్లలకు కూడా తెలుసు. బియ్యం చెరిగే హడావుడిలో సరళకు మాత్రం గుర్తు రాలేదు.

మొదట హేమ్లి, మనవరాలు రోజాను చంకనెత్తుకొని వచ్చింది. గుమ్మం చూసింది. చెప్పులు విడిచి దండం పెట్టి వెనక్కి తిరిగింది.

"ఏంది హేమ్లవ్వా, పోతున్నవ్?"

"అమ్మ వచ్చిన కాడ పిల్లను విడిచిపెడ్తరా టీచరమ్మా? ఎవరికి పోసింది?"

"ఎవరికీ పోయలే! అది బియ్యంల పురుగుకు కట్టిన!"

"అమ్మను పురుగంటవా!" హేమ్లి చెంపలు వేసుకుంది, సరళ తరఫున కూడా.

అరగంటలో పది మంది ఆడవాళ్ళు పసుపునీళ్ళ చెంబులతో వచ్చి గడప మీద కుమ్మరించారు. ఆ నీళ్ళు నేరుగా గడప పక్కనున్న చేటలోని బియ్యంలోకి పోయాయి. ఒకామె అమ్మవారికి పెరుగన్నం పెట్టింది. ఇంకొకామె లోపలికెళ్ళి, అమ్మ ఉన్నచోట తాలింపు వాసన రావద్దని పొయ్యి ఆర్పేసింది. పిల్లలు మాత్రం ఒక్కరూ రాలేదు.

సరళ కోపంగా స్టూలెక్కి మండల మీద చెయ్యి వేసింది.

"దిగు టీచరమ్మా!" అని తండా పెద్ద భీమ్లా కేక వేశాడు. "అమ్మను సాగనంపకుండ పీకితే తండా మొత్తానికి పోస్తది. నీ పిల్లల లెక్క మా పానాల కన్న ఎక్కువా?"

సరళ దిగింది.

ఈలోగా ఆశా కార్యకర్త కవిత గుమ్మాన్ని ఫోటో తీసి 'అంగన్‌వాడీలో ఆటలమ్మ' అని ఫోన్ గ్రూపులో పెట్టింది. పదిన్నరకు జీపులో డాక్టర్ రవికుమార్ దిగాడు.

"కేసులెన్ని?"

"ఒక్కటి గూడ లేదు సార్! నా మాట ఒక్కరన్న వినరేంది?"

"పాపం, దాస్తున్నది," అన్నాడు డాక్టర్ కవితతో. "జల్దీ పిల్లలందర్ని పిలువు."

కవిత మైకు పట్టుకొని తండా తిరిగింది. జీపు చూద్దామని పిల్లలు, పిల్లల వెనక తల్లులు వాకిట్లోకి వచ్చి వరుసగా నిలబడ్డారు. అప్పుడే స్కూటీ దిగిన దీపిక మేడం లెక్కపెట్టింది. ఇరవై రెండు!

డాక్టర్ రోజా నోరు తెరిపించాడు. నాలుక నిండా పుండ్లు. అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రటి పొక్కులు.

"ఎన్ని రోజులాయె అవ్వా?"

"మూడొద్దుల సంది తింటలేదు సారూ. చాయ్ కాలిందనుకున్న."

"ఇది ఆటలమ్మ గాదు. చేతులకు, కాళ్ళకు, నోటికి వచ్చే వైరస్ జబ్బు. వారం పది రోజులల్ల అదే తగ్గుతది. చల్లటివి తాగిపియ్యున్రి, చేతులు సబ్బుతోటి కడుక్కోన్రి." ఇంకో ముగ్గురు పిల్లలకూ అదేనని తేలింది.

దీపిక మేడం సరళ భుజం తట్టింది. "అందరికంటే ముందు నువ్వే పసిగట్టావు. గుమ్మానికి గుర్తు కట్టి ఊరిని హెచ్చరించావు! నీ సెంటర్ ఎక్కడికీ పోదు. సోమవారం మీటింగ్‌లో నువ్వే మాట్లాడాలి."

"అయ్యో మేడం, అది బియ్యంలో..."

"ఇంత మంచి పని చేసి మొహమాటం ఎందుకు?" మేడం బస్తా వైపు కన్నెత్తి చూడకుండానే వెళ్ళిపోయింది.

ఆదివారం సాయంత్రం సరళ చాయ్ ఒక గుక్క తాగింది. నాలుక చుర్రుమంది. అద్దంలో చూసుకుంటే నాలుక మీద పుండ్లు కనబడి, అరచేతులు కూడా చూసుకోవాలనిపించింది. మరునాడు, మీటింగ్ రోజు పొద్దున్నే హేమ్లి పెరుగన్నం గిన్నెతో గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడన్న ఒప్పుకుంటవా టీచరమ్మా, అమ్మ వచ్చిందని?"

చెప్పడానికి సరళ దగ్గర చాలా ఉంది, నోరు తెరిస్తేనే మంట.